నడిసముద్రంలో పప్పుచారు

సియాటిల్ వైపు ఉండే తెలుగువాళ్లకి ఎండ కనిపిస్తే చాలు, ఏదో ఒక పూనకం వస్తుంది. కొందరు కొండలెక్కుతారు, కొందరు పెరట్లో గోంగూర వేస్తారు. మా బావ తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాడు. సర్టిఫికెట్ చేతికి రాగానే అనకోర్టిస్‌లో 40 అడుగుల పడవ అద్దెకి తీసుకుని, సాన్ హువాన్ దీవులు చూపిస్తానని మమ్మల్ని ఎక్కించేశాడు. అక్క, నేను, ఆయన ఆఫీసు మిత్రుడొకాయన, కాకినాడ నుంచి వచ్చిన వాళ్లమ్మగారు, అంటే మా అత్తయ్య. సముద్రం పక్కనే పుట్టి పెరిగినా ఆవిడ పడవెక్కడం అదే మొదలు.

వంటలకి కూడా బావ ఎక్సెల్ షీటు వేశాడు. పొద్దున్నే ఓట్స్ ఉప్మా. ఎవరూ ముట్టలేదు. దాంతో కెప్టెన్ కుక్ అనే పాతకాలపు ఇంగ్లీషు నావికుడి కథ ఎత్తుకున్నాడు. 1768లో ఎండెవర్ ఓడ మీద బయల్దేరినప్పుడు, విటమిన్ సి చాలక వచ్చే స్కర్వీ జబ్బు రాకుండా కుక్ ఊరవేసిన క్యాబేజీ పట్టుకెళ్లాడు. నావికులు దాని మొహం చూడలేదు. ఆయన బలవంతపెట్టకుండా రోజూ అధికారుల బల్ల మీద వడ్డింపించి, మిగతావాళ్లు తింటే తినండి, లేకపోతే మానండి అని వదిలేశాడు. వారం గడిచేసరికి ఎగబడి తింటుంటే మనిషికింతని రేషన్ పెట్టాల్సొచ్చింది. ఇంత కథా చెప్పి, బావ మా ఎదురుగానే లొట్టలేస్తూ ఉప్మా తిన్నాడు. మాలో చలనం లేదు. కుక్ నావికుల దగ్గర అత్తయ్య పులిహోర డబ్బా లేదు మరి.

మధ్యాహ్నానికి డబ్బా ఖాళీ అయింది. వంట మొదలైంది.

ఈ పడవల్లో పొయ్యి గట్టుకి బిగించి ఉండదు. రెండు పక్కలా ఇరుసుల మీద ఊయలలా వేలాడుతుంది. పడవ ఎటు ఒరిగినా అది మట్టంగానే ఉంటుంది, గిన్నెలు జారకుండా చుట్టూ కమ్మీలుంటాయి. ఒరిగేది వండేవాళ్లే. అందుకని వాళ్ల నడుముకి ఒక పట్టీ. మరిగేది మీద పడితే కాలకుండా అత్తయ్యకి చీర మీదే రబ్బరు ప్యాంటు తొడిగించాడు బావ. పైగా గ్యాసు గాలికన్నా బరువు, లీకైతే పడవ అడుగున చేరి కూర్చుంటుంది కాబట్టి, వెలిగించే ముందూ ఆర్పాకా అందరికీ వినపడేలా అరవాలి.

"పొయ్యి నిలకడగా ఉంది, నేనే వేలాడుతున్నాను. ఇదేం వంటరా నాన్నా!" అంది అత్తయ్య. అన్నదే గానీ, కుక్కర్లో అన్నం, పక్కన పెద్ద గిన్నెలో ములక్కాడలు వేసి పప్పుచారు, రెండూ కానిచ్చేసింది.

అంతలో లోపెజ్ దీవి కొస దాటి హువాన్ ద ఫ్యూకా జలసంధిలోకి వచ్చాం. వేసవి మధ్యాహ్నాలు అక్కడ పసిఫిక్ మీంచి పడమటి గాలి తోసుకొస్తుంది. ఆటువేళ వెనక్కి పోయే నీళ్లకి ఆ గాలి ఎదురైతే అలలు నిటారుగా లేస్తాయి. బావ షీట్లో సరిగ్గా ఆ టైముకే "వేడి వేడి పప్పుచారు, అప్పడాలు" అని రాసుంది.

అప్పడాలు పొయ్యి కిందున్న అవెన్‌లో పెట్టారు. ఆ అవెన్ తలుపుతో ఒక తిరకాసుంది. తెరిస్తే బరువంతా ముందుకొచ్చి, వేలాడే పొయ్యి మొత్తం వాలిపోతుంది. ముందు గొళ్లెం వేసి పొయ్యిని కదలకుండా చేశాకే తలుపు తియ్యాలి. ఈ సంగతి బావ పొద్దున్నే వివరంగా చెప్పాడు. మిత్రుడుగారు ఆ సమయంలో సిగ్నల్ కోసం ఫోను పైకెత్తి డెక్కు మీద తిరుగుతున్నారు.

"అప్పడాలు వేగాయేమో చూస్తానండీ" అని ఆయన తలుపు లాగారు. పొయ్యి వినయంగా వంగింది. పెద్ద అల ఒకటి తన వంతు సాయం చేసింది. పప్పుచారు కమ్మీ దాటి రబ్బరు ప్యాంటు మీదుగా నేల మీదకొచ్చింది. మిత్రుడు ఒక్క గెంతులో బల్లెక్కారు. అత్తయ్య ముందు "ఆర్పేశాను!" అని రూలు ప్రకారం అరిచి, తర్వాతే అయ్యబాబోయ్ అంది. ఆవిడకేమీ కాలేదు. నేను, అక్క రెండు బకెట్ల నీళ్లు కొట్టి నేల కడిగేశాం. నీళ్లన్నీ చెక్కల సందుల్లోంచి ఎటో పోయాయి. ఎటు పోయాయని ఎవరూ ఆలోచించలేదు.

కాసేపటికి పైనుంచి బావ కేక. పడవ అడుగున చేరిన నీళ్లు తోడే పంపు లైటు వెలిగి ఆరడం లేదు. "నీళ్లొచ్చేస్తున్నాయి! లైఫ్ జాకెట్లు చూసుకోండి!" చక్రం అక్కకి అప్పగించి కిందికి దూకి, చెక్క ఎత్తి చూశాడు. అడుగున నీళ్లు నిజంగానే ఉన్నాయి. అవి సముద్రం నీళ్లా, ట్యాంకు లీకై వచ్చిన మంచినీళ్లా తేల్చడానికి నావికులు రుచి చూస్తారు, బావకది కోర్సులో చెప్పారు. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. మొహం పాలిపోయింది.

"ఉప్పగా ఉంది!"

"ఉప్పెయ్యకుండా పప్పుచారు ఎవరు పెడతార్రా?" అంది అత్తయ్య.

లాగి చూస్తే పంపు నోట్లో ములక్కాడ ముక్క ఇరుక్కుని ఉంది. దాన్ని పీకితే పీచు సగం లోపలే ఉండిపోయింది. కుక్కర్ మూత బిగించి ఉండబట్టి అన్నం మాత్రం మెతుకు చెదరలేదు. అత్తయ్య అందులో ఆవకాయ కలిపి ముద్దలు చేసి తలా ఒకటి కుడిచేతిలో పెట్టింది. ఎడమచెయ్యి కమ్మీని పట్టుకుంది. ఒక చెయ్యి నీకు, ఒకటి పడవకి అనేది నావికుల సూత్రమట. ఫోర్కూ కత్తీ పట్టుకునే జనం దాన్నెలా పాటిస్తారో నాకైతే అర్థం కాదు.

పడవ తిరిగి అప్పగించేటప్పుడు తనిఖీకి వచ్చిన కుర్రాడు పంపు విప్పి, పట్టకారుతో ఆ పీచు లాగాడు. వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. ఏమిటిదని అడిగాడు. బావ తడుముకోకుండా సముద్రపు నాచు అన్నాడు. ఇలాంటి నాచు ఈ చుట్టుపక్కల ఎప్పుడూ చూడలేదని కుర్రాడు ఆశ్చర్యపోయి, ఫోను తీసి దానికి ఫొటోలు తియ్యడం మొదలుపెట్టాడు.

అత్తయ్య నా చెవిలో అంది: "పాపం అంత ముచ్చటపడుతున్నాడు. ఫ్రిజ్‌లో ఇంకా రెండు కాడలున్నాయి, ఇచ్చెయ్యమంటావా బాబూ?"