మంత్రం ఉంటే క్లూ ఎందుకట!

"ఫాంటసీ లోకంలో డిటెక్టివ్ కథ అంటే పాఠకుణ్ణి మోసం చేయడమే" అని మొదలయ్యే మెసేజ్ ఈ వారంలో నాకు రావడం ఇది నాలుగోసారి. పంపినవాళ్లంతా బాగా చదివేవాళ్లే, అదీ నా బాధ. ఆరు పాయింట్లు, ఆరింటికీ ఆశ్చర్యార్థకాలు.

ఇవి పిల్లల కథలట. సరే, దాటేద్దాం. పేర్లు నోరు తిరగవట. రష్యన్ నవలలు చదివేవాళ్లు అనాల్సిన మాట కాదిది.

"డిటెక్టివ్ కథల పెద్దలే మంత్రాల్ని నిషేధించారు." నిజమే, ఇంగ్లిష్ డిటెక్టివ్ రచయిత రోనాల్డ్ నాక్స్ ఈ కథలకంటూ 1929లో రాసిన పది నియమాల్లో అతీత శక్తులు కూడదని ఉంది. ఫార్వర్డ్ వీరులు అక్కడితో చదవడం ఆపేశారు. ఆ కిందే, ఇంతవరకూ ఎవరూ కనిపెట్టని విషాలు వాడొద్దనీ, చివర్లో పొడుగాటి శాస్త్రీయ వివరణ కావాల్సిన పరికరాలు వద్దనీ కూడా ఉంది. అంటే ఆయన పేచీ పాఠకుడికి ముందుగా చూపించని వాటితో.

"మంత్రం ఉంటే ఏదైనా జరగొచ్చు, ఇక ఊహించడానికేముంది?" ఎక్కువ చెరుపు చేస్తున్నది ఇదే. ఇది నమ్మి మంచి నవలల్ని ముట్టుకోనివాళ్లు నాకు తెలుసు. ఒక లోకం అనుకోండి. అక్కడ మనిషి చచ్చిన చోట అతని నీడ మూడు రోజులు నేల మీద ఉండిపోతుంది. ఈ సంగతి మొదటి పేజీలోనే చెప్పేశారు. ఐదో పేజీలో గది, శవం, నెత్తురు, కత్తి. నీడ మాత్రం లేదు. అయితే హత్య ఇంకెక్కడో జరిగింది. లేదా చచ్చి మూడు రోజులు దాటింది. మరి నిన్న రాత్రి అన్నతో మాట్లాడానంటున్న తమ్ముడు మాట్లాడిందెవరితో? మంత్రం వచ్చి దారులు మూసిందా, తెరిచిందా? అమెరికన్ రచయిత రాండల్ గారెట్ 1964లో మొదలుపెట్టిన లార్డ్ డార్సీ అనే డిటెక్టివ్ కథల్లో, మంత్రాలు పనిచేసే ఆ లోకంలో, మంత్రగాడు చేసేది ఫోరెన్సిక్ ల్యాబ్ పనే. ఆధారం ఏమిటో అతను చెబుతాడు, దాని అర్థం తేల్చాల్సింది డిటెక్టివ్ బుర్ర. అయినా భేతాళ కథలు విని పెరిగినవాళ్లకి ఇదంతా నేను చెప్పాలా? శవం మాట్లాడుతుంది, తెగిన తలలు అతుక్కుంటాయి, జవాబు మాత్రం తర్కంతోనే చెప్పాలి.

"అసలు డిటెక్టివ్ కథ వాస్తవం మీద నిలబడుతుంది, హోమ్స్‌ని చూడండి!" చూశాం. 1892లో వచ్చిన కథలో పాము పాలు తాగుతుంది, ఈల వేస్తే తిరిగొస్తుంది, గంట తాడు మీదుగా దిగి మళ్లీ ఎక్కుతుంది. ఆ పాము ఏ అడవిలో ఉంటుందో చెప్పండి, వెళ్లి దండం పెట్టుకుంటాను. ఆ కథంటే నాకు ప్రాణం, అది వేరే సంగతి.

ఇక చివరిది: "లోకాన్ని వర్ణించే మోజులో చచ్చినవాళ్లని మర్చిపోతారు." దీనికి నా దగ్గర జవాబు లేదు. ఈ ఒక్క పాయింటే పంపి ఉంటే నేనూ నలుగురికి ఫార్వర్డ్ చేసేవాణ్ణి. మొన్న పూర్తిచేసిన నవలలో నగరం పటం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఎవరు చంపారో, ఏ మంత్రాన్ని ఎలా ఏమార్చారో పొల్లుపోకుండా చెప్పగలను. చచ్చిపోయినామె పేరు కోసం మాత్రం మళ్లీ పుస్తకం తెరవాల్సి వచ్చింది.