బ్రోచరునే మాస్టర్ ప్లానుగా ప్రకటించాలి

భూవినియోగాన్నీ రవాణానూ విడదీయకుండా కలిపి ఆలోచించాలని 2006లో కేంద్రం తెచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. ఆ పని సరిగ్గా జరగడం లేదని నిపుణులు నేటికీ వాపోతున్నారు. వారిలో ఎవరూ తిరుపతిలో ఇంటి స్థలం కొనడానికి బయలుదేరినట్టు లేదు. బయలుదేరి ఉంటే, పైన శ్రీవారి బొమ్మ, కింద 'విమానాశ్రయానికి 10 నిమిషాలు, ఐఐటీకి 12 నిమిషాలు, అలిపిరికి 20 నిమిషాలు' అన్న వరుసలతో, స్థలాలు అమ్మేవారి నున్నటి బ్రోచరు ఒకటి వారి చేతికి అంది ఉండేది. నేల ఎక్కడుంది, అక్కడికి చేరడం ఎలా అన్న రెండు ప్రశ్నలకూ ఒకే పుటలో జవాబిచ్చే పత్రం నాకు తెలిసి ఇదొక్కటే. కనుక దీన్నే మాస్టర్ ప్లానుగా ప్రకటించాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను.

తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) వారి మాస్టర్ ప్లాను ఉంది కదా అని కొందరు ఆక్షేపించవచ్చు. ఉంది. అందులో నివాసాలకు పసుపు రంగూ, పార్కులకు ఆకుపచ్చా, రోడ్ల విస్తరణకు గీతలూ ఉన్నాయి. ఆ గీత ఎవరి ప్రహరీ మీదుగా పోతే వారికి స్థలానికి బదులు టీడీఆర్ బాండు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. అంటే, రోడ్డు కింద పోయిన నేలకు పరిహారంగా ఆకాశంలో అదనపు అంతస్తు కట్టుకునే హక్కు. ఆ హక్కును మరొకరికి అమ్ముకోనూ వచ్చు. రోడ్డు వెడల్పవుతుంది, దాని కోసం పుట్టిన బాండుతో మరో వీధిలో అంతస్తు లేస్తుంది, ఆ అంతస్తులోని నాలుగు కాపురాల వారి కార్లు కిందికి దిగి, చోటు చాలక, వెడల్పు చేసిన రోడ్డు పక్కనే నిలుస్తాయి. నేలా రవాణా ఇంతగా పెనవేసుకున్నాక ఇంకా సమన్వయం లేదనడం అన్యాయం.

పెద్దవారు కొందరు ఇంకా వెనక్కి వెళ్తారు. ఏటా ఫిబ్రవరి 24న మనం తిరుపతి పుట్టినరోజు జరుపుకొంటున్నాం. 1130లో ఆ రోజున రామానుజాచార్యులు ఈ ఊరికి పునాది వేశారని చెబుతారు. నడుమ గోవిందరాజస్వామి గుడి, చుట్టూ మాడ వీధులు, వీధుల వెంట ఇళ్లు. ఎవరికి ఏ పని పడినా కాలినడకన వెళ్లి వచ్చేంత దూరం. చక్కటి ఏర్పాటే కానీ, అందులో బ్రోచరుకు చోటు లేదు. గుడికి రెండు నిమిషాలన్న మాట నిజంగా రెండు నిమిషాలే అయితే దాన్ని అచ్చు వేయించడం దండగ కదా.

నిమిషాల విషయంలో కొండకూ ఊరికీ ఉన్న తేడా గమనించదగ్గది. ఘాట్ రోడ్డులో వేగం అదుపు తప్పకుండా, ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని నియమం పెట్టారు. అంతకంటే ముందే చేరిన వాహనదారుడు దోషి. ఊళ్లో అటువంటి నియమం అవసరం పడలేదు. లీలామహల్ కూడలిని నిర్ణీత సమయానికి ముందే దాటిన నేరస్తుణ్ణి నేనింతవరకు చూడలేదు. యాత్రికుల బండ్లు ఊరిని తాకకుండా సాగిపోవడానికి కపిలతీర్థం నుంచి తిరుచానూరు వైపు సుమారు 7 కిలోమీటర్ల పైవంతెన, శ్రీనివాస సేతువును 2023లో పూర్తి చేశారు. పైన ప్రయాణం బాగుంది. కింద స్తంభాల నడుమ మేం ఎప్పటిలాగే ఉన్నాం.

ప్రతిపాదించేవాడు పరిశీలించి ఉండాలి కాబట్టి, ఒక ఆదివారం నేనే స్థలం చూడటానికి వెళ్లాను. ఏజెంటు తెల్లవారుజామున ఐదింటికే కారు తెచ్చి ఇంటి ముందు హారన్ కొట్టాడు. అంత పెందలాడే ఎందుకని అడిగితే "చల్లగా ఉంటాది సార్" అన్నాడు. ఏర్పేడు వైపు హైవే మీద నిజంగానే ఇరవై రెండు నిమిషాల్లో పోయాం. బ్రోచరు మీద నాకు గౌరవం పెరిగింది. అక్కడ హైవే దిగి, ఎద్దులబండి కోసం ఏ కాలంలోనో పుట్టిన డొంకలో, ఎదురొచ్చిన పాల వ్యాను కోసం కారు రెండుసార్లు వెనక్కి నడిపి, ఒక మలుపు తిరిగేసరికి పెద్ద ఆర్చి. లోపల 40 అడుగుల రోడ్లు, హద్దురాళ్లు, కరెంటు స్తంభాలు. అంత వెడల్పు రోడ్ల మీద తిరుగుతున్నవి రెండు గేదెలు. (ఒక మూల నేల పల్లంగా ఉండి తుంగ మొలిచింది. నీటికీ ఒక రవాణా మార్గం ఉంటుందనీ, 2021 నవంబరు వానల్లో తిరుపతి వీధులు దాన్ని రుజువు చేశాయనీ అనబోయి, శుభమా అని స్థలం చూడటానికి వచ్చి ఇదేం మాటని ఊరుకున్నాను.)

ఆర్చి పక్కన రంగులు వేసిన బస్సు షెల్టరు కూడా ఉంది. బెంచీ మీద మేక పడుకొని ఉంది.

"బస్సు ఎన్నింటికి వస్తుంది?"

"రింగ్ రోడ్డు పడితే వస్తాది సార్."

"రింగ్ రోడ్డు ఎప్పుడు పడుతుంది?"

"జనాలు ఇండ్లు కట్టుకుంటే పడతాది."

"బస్సు లేకుండా ఎవరు కట్టుకుంటారు?"

అతను నన్ను జాలిగా చూశాడు. "ఎవరూ కట్టుకోరు సార్. కొని పెట్టుకుంటారు."

ప్రణాళికా శాస్త్రం ఇన్నేళ్లుగా తెలుసుకోలేకపోయింది ఇదే. నిపుణులు నివాసం గురించి మాట్లాడుతుంటారు. ఇక్కడ నేల నివాసానికి కాదు, అమ్మాయి పెళ్లికి. ఎవరూ ఉండని చోటికి బస్సు ఎందుకు? ఆ బస్సును ఉన్నచోటికే పంపుదామంటే, ఉన్నచోట రోడ్డు మీద బస్సుకు చోటేదీ?

తిరుగు ప్రయాణంలో తొమ్మిది దాటింది. రేణిగుంట రోడ్డులో బండ్లు కదలడం మానేశాయి. "ఆదివారం కదా సార్, యాత్రికులు" అన్నాడు. శనివారమైతే శనివారమనీ, పౌర్ణమైతే పౌర్ణమనీ అంటాం. కారణం దొరకని రోజు ఈ ఊరికి ఉన్నట్టు నాకు గుర్తు లేదు. లీలామహల్ దగ్గర సేతువు నీడలో మూడోసారి ఎర్ర లైటు పడ్డప్పుడు, అతను డాష్‌బోర్డులోంచి ఇంకో బ్రోచరు తీసి నా ఒళ్లో పెట్టాడు.

"తుమ్మలగుంట పక్క కూడా ఒకటుంది సార్. ఈడ నుంచి ఏడే నిమిషాలు."