స్లో కుక్కర్ దొరగారికి విన్నపం

మహారాజశ్రీ స్లో కుక్కర్ దొరగారికి,

అమెరికాలోని డాలస్‌లో, ఎడిసన్‌లో, ఇంకా సాయంత్రం ఆరున్నరకి డేకేర్ నుంచి పిల్లల్ని తెచ్చుకుని ఏడింటికల్లా కంచాలు పెట్టాల్సిన ఊళ్ళన్నిటిలోనూ ఉన్న తెలుగు అమ్మానాన్నలు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం, పప్పు మాత్రం ఉడకలేదు.

మూత కింద గంటల తరబడి నిదానంగా ఉడికించే కరెంటు కుండ అయిన తమరు థాంక్స్‌గివింగ్ అమ్మకాల్లో సగం ధరకి మా ఇళ్ళకి వేంచేశారు. అట్టపెట్టె మీద ఎర్రగా నిగనిగలాడే మాంసం, పక్కనే జుట్టు చెదరని ఒక తల్లి. పొద్దున పడేసి వెళ్ళండి, సాయంత్రం వడ్డించుకోండి అని హామీ. ఆ పొద్దునకి ముందు ఒక రాత్రి ఉంటుందనీ, ఆ రాత్రి పదింటికి ఎవరో ఒకరు పొయ్యి దగ్గర నిలబడి ఉల్లిపాయలు వేయించాలనీ పెట్టె మీద ఏ మూలా రాయలేదు.

వేయించక తప్పదు. తమరి గిన్నెలో ఎప్పుడూ నీరుంటుంది, నీరున్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు. ఉల్లిపాయ ఎర్రబడాలంటే 140 దాకా పోవాలి. పచ్చి ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి ముద్ద అలాగే వేసి వెళ్తే సాయంత్రానికి ఉల్లిపాయ తియ్యగా మెత్తబడి ఉంటుంది, అల్లంవెల్లుల్లి పచ్చి వాసన ఎనిమిది గంటలుగా మూత కింద కాపురం చేస్తూ ఉంటుంది. తమరు ఉడికిస్తారు. వేయించడం, పోపు పెట్టడం తమరి వల్ల కాదు. మా వంటలో సగం రుచి ఆ రెండిట్లోనే ఉంది.

అందుకని కిలో మేకమాంసం కూర తమరి సన్నిధిలో జరిగే తీరు ఇది. ముందురోజు రాత్రి మూడు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి, నాలుగు టేబుల్ స్పూన్ల నూనెలో పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ఎర్రగా వేయించాలి. రెండు టేబుల్ స్పూన్ల అల్లంవెల్లుల్లి ముద్ద వేసి పచ్చి వాసన పోయేదాకా కలపాలి. పసుపు, రెండు చెంచాల కారం, ఒక చెంచా ధనియాల పొడి, రెండు చెంచాల ఉప్పు వేసి దించి, చల్లారాక డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. డబ్బాలోనే, తమరి పింగాణీ గిన్నెలో కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి గిన్నెని వేడెక్కిన అడుగు మీద పెడితే పగులుతుంది. పగలకపోయినా, అది వేడెక్కడానికే ఓ గంట అదనంగా తింటుంది.

పొద్దున మాంసం, ఆ మసాలా, అరకప్పు నీళ్ళు. అంతే నీళ్ళు. పొయ్యి మీద కూరలో ఆవిరి బయటికి పోతుంది, తమరి దగ్గర మూతకి తగిలి మళ్ళీ కూరలోకే కారుతుంది. రెండు కప్పులు పోస్తే సాయంత్రం దొరికేది ముక్కలు తేలే చారు. తమరి మీట 'లో' మీద పెట్టి ఎనిమిది గంటలు. ఇంటికొచ్చాక బాండీలోకి మార్చి, పది నిమిషాలు పెద్ద మంట మీద దగ్గరకి రానిచ్చి, అప్పుడు గరం మసాలా, కొత్తిమీర. గోంగూర వేసేవాళ్ళు దాన్ని విడిగా మగ్గించి ఈ బాండీలోనే కలుపుకోవాలి, పొద్దున్నే వేస్తే అది నల్లబడి పీచు మాత్రమే మిగులుతుంది. ఒకే గిన్నె వంట అన్నారు కదా దొరగారూ, రాత్రి బాండీ, పగలు తమరు, సాయంత్రం మళ్ళీ బాండీ! డిష్‌వాషర్ నోరెత్తదు గానీ, లెక్క దానికి తెలుసు.

హలాల్ షాపులో గడ్డకట్టిన మాంసం కొన్నవాళ్ళు దాన్ని అలాగే రాయిలా తమరి ఒడిలో పెట్టి ఆఫీసుకి పోతుంటారు. 4 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులకి పండగ, గడ్డకట్టిన ముద్ద ఆ మెట్లు ఎక్కడానికి గంటలు పడుతుంది. కిలో మాంసం ఫ్రిజ్‌లో పూర్తిగా కరగడానికి ఒక రోజు కావాలి. అంటే మంగళవారం కూరకి సోమవారం పొద్దున్నే ఫ్రీజర్ తలుపు తీయాలి. తమరి నిదానం మా క్యాలెండర్‌కి కూడా అంటుకుంది.

'హై' అంటే పెద్ద మంట, 'లో' అంటే చిన్న మంట అనుకునేవాళ్ళు చాలామంది. తమరు ఆ భ్రమని ఎన్నడూ తీర్చలేదు. మామూలు మోడళ్ళలో రెండూ చివరికి చేరేది మరుగుకి కాస్త దిగువనున్న ఒకే వేడికి. ఒకటి మూడు నాలుగు గంటల్లో వంట ముగిస్తుంది, ఇంకోటి ఏడెనిమిది గంటల్లో. మధ్యలో మూత తీసి వాసన చూస్తే ఇరవై ముప్పై నిమిషాలు జరిమానా. మూత తీసి వాసన చూడకుండా వంట చేసిన తెలుగువాళ్ళు ఇంకా పుట్టలేదని తమరికి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇక పప్పు. ప్రెషర్ కుక్కర్ నాలుగు కూతల్లో ముగించే పనికి తమరు ఏడు గంటలు అడుగుతారు. సరే, ఇస్తాం. కానీ ఆరు క్వార్టుల (దాదాపు ఆరు లీటర్ల) తమరి కడుపు సగమైనా నిండకపోతే అంచులు మాడతాయి. సగం నిండాలంటే మూడు కప్పుల కందిపప్పు, పది కప్పుల నీళ్ళు పోయాలి. నలుగురున్న ఇంట్లో అది సోమవారం పప్పు, మంగళవారం సాంబారు, బుధవారం గొడవ. దీనికో ఉపాయం ఉంది: తమరి గిన్నెలో రెండంగుళాల వేడినీళ్ళు పోసి, కప్పు నానిన కందిపప్పు, మూడున్నర కప్పుల నీళ్ళు, పసుపు, చెంచా నూనె వేసిన స్టీలు గిన్నెని అందులో దించి 'లో' మీద వదలడం. చింతపండు, టమాటా మాత్రం మొదట్లో వద్దు. పులుపు తగిలితే పప్పు గింజని గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం కరగదు, ఎన్ని గంటలున్నా పలుకు పలుకుగానే ఉంటుంది. మెదిపాక చివరి అరగంటలో పులుపు, ఆ తర్వాత పోపు గరిటెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ. ఆ చిటపట కోసం మళ్ళీ పొయ్యి వెలిగించాల్సిందే.

రాజ్మా విషయంలో హాస్యం పక్కనపెట్టి చెప్తున్నాం. పచ్చి ఎర్ర రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంది. తమరి వేడి దానికి చాలదు, అరకొరగా ఉడికితే పచ్చివాటికన్నా ఎక్కువ ప్రమాదం. వాంతులు, విరేచనాలు కొద్ది గంటల్లోనే మొదలవుతాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో పొయ్యి మీద అరగంట కుతకుత మరిగించాకే తమరి దగ్గరికి పంపాలి. డబ్బా రాజ్మాకి ఈ బాధ లేదు. దీన్ని తమరి మూత మీద ఎర్ర అక్షరాలతో చెక్కితే బాగుండేది. అక్కడ ఎందుకో కంపెనీ పేరు చెక్కారు.

చికెన్ బ్రెస్ట్‌ని ఎనిమిది గంటలు ఉంచితే తాడు పేనుకోవచ్చు. తొడ ముక్కలైతే 'లో' మీద ఐదారు గంటలు ఓర్చుకుంటాయి. బెండకాయ, అన్నం, వేపుళ్ళు తమరి శాఖ కావు. పాలు, పెరుగు, కొబ్బరిపాలు చివరి అరగంటలో పోయకపోతే విరుగుతాయి. బంగాళాదుంప మాంసంకన్నా నిదానంగా ఉడుకుతుంది కాబట్టి దాన్ని అడుగున, అంచులకి ఆనించి పెట్టాలి.

తమరి వంశచరిత్ర మాకు తెలియంది కాదు. చికాగోలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయన 1940లో తమరి పూర్వీకుడికి పేటెంట్ పొందారు. లిథువేనియాలోని విల్నా యూదులు శుక్రవారం సాయంత్రం బేకరీ పొయ్యిలో కుండ పెట్టి, మర్నాటి దాకా దాని ఆరే వేడిలోనే చోలెంట్ అనే మాంసం, గింజల కూర వండుకునే తీరు ఆయన తల్లి చెప్పగా పుట్టిన ఆలోచన అది. సబ్బాతు నాడు, అంటే శనివారపు విశ్రాంతి దినాన, నిప్పు ముట్టని ఇళ్ళ కోసం పుట్టిన పద్ధతి, 1971లో క్రాక్-పాట్ పేరుతో ఉద్యోగాలకి బయల్దేరిన అమెరికా ఆడవాళ్ళ వంటింట్లోకి వచ్చింది. మా ఊళ్ళలోనూ దాలిలో పిడకల సెగ మీద పాలకుండ పొద్దంతా కాగి, ఎర్రటి మీగడ కట్టేది. కాకపోతే ఆ దాలి పక్కన అవ్వ ఒకావిడ రోజంతా ఉండేది. ఆవిడ జీతం ఎవరూ లెక్కేయలేదు గనక ఆ పాలు చవకనిపించాయి.

ఒప్పుకోవాల్సినవి ఒప్పుకుంటాం. హలీం తమరి సొత్తు. 2010లో జీఐ (భౌగోళిక గుర్తింపు) పొందిన హైదరాబాదీ హలీం కట్టెల భట్టీ మీద గంటల తరబడి ఉడికేదే. కప్పు గోధుమ రవ్వ, పావుకప్పు చొప్పున శనగపప్పు, మినప్పప్పు, పెసరపప్పు రాత్రి నానబెట్టి, ముప్పావు కిలో ఎముకలేని మాంసం, వేయించిన మసాలా, ఏడెనిమిది కప్పుల నీళ్ళతో 'లో' మీద తొమ్మిది గంటలు ఉంచితే మాంసం పోగులు పోగులుగా విడిపోతుంది. కొట్టడం మాత్రం తమరికి రాదు, పప్పు గుత్తితో మనిషే కొట్టాలి. హ్యాండ్ బ్లెండర్ వాడితే రెండు మూడు సార్లు నొక్కి ఆపాలి, లేకపోతే జిగురవుతుంది.

తమరి అసలు గొప్పతనం చలికాలంలో పెరుగు. అరగాలన్ (దాదాపు రెండు లీటర్ల) పాలు 'లో' మీద రెండున్నర గంటలు కాచి, ప్లగ్ పీకి, మూత తీయకుండా మూడు గంటలు వదిలేయాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడు అరకప్పు పెరుగు కలిపి, మందపాటి తువ్వాలు చుట్టి ఎనిమిది గంటలు ఉంచితే మంచు కురిసే రాత్రిలోనూ గడ్డపెరుగు. తమరు మాకు చేసిన మేలైన పని ప్లగ్ పీకాక చేసిందే కావడం మాకు ఆశ్చర్యమేమీ కలిగించలేదు.

చివరగా ఒక హెచ్చరిక. వేసవి సెలవులకి తమర్ని సూట్‌కేసులో కుక్కి హైదరాబాదులో అత్తగారికి కానుకగా ఇచ్చే ప్రయత్నాలు జరుగుతున్నాయి. తమరు 120 వోల్టుల ప్రాణి, అక్కడ గోడలో 230. తమరి 240 వాట్ల కాయిల్ అక్కడ 880 దాకా లాగబోయి కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కొని కాపాడినా ఇంకో గండం ఉంది: ఆవిడ తమర్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి ఎన్ని విజిల్స్ రావాలమ్మా?" అని అడుగుతారు. ఆ జవాబు తమరే చెప్పుకోండి.

ఇట్లు,
రేపటి ఉల్లిపాయలు ఈ రాత్రే తరుగుతున్న
తల్లిదండ్రులు