అంబర్ లాకెట్ కొనేముందు అది ఎప్పుడు తవ్విందో అడగండి

తేనెరంగు రాయి, లోపల చిన్న చీమ, చుట్టూ వెండి, అంచున పొదిగిన కెంపులు. బర్మా అంబర్ లాకెట్ అందంగా ఉంటుంది, కాదనను. సుమారు 9.9 కోట్ల ఏళ్ల కిందట, డైనోసార్లు తిరిగిన అడవిలో చెట్టు నుంచి కారిన జిగురు అది. దాన్ని మెడలో వేసుకోవాలనిపించడంలో తప్పేమీ లేదు.

కానీ అది ఎక్కడిది? మయన్మార్ ఉత్తరాన, కచిన్ రాష్ట్రంలోని హుకాంగ్ లోయది. ఆ గనుల మీద పన్ను వసూలు చేసుకున్న కచిన్ తిరుగుబాటుదారులను వెళ్లగొట్టి, 2017లో సైన్యం వాటిని చేజిక్కించుకుంది. ఆ లోయలోని తనై పట్టణం చుట్టుపక్కల వేలమంది ఇళ్లు వదిలి పారిపోయారు. గనులంటే మనిషి ఒక్కడు దిగేంత ఇరుకు గోతులు. ఇదంతా తెలిసీ ఆ రాయిని మురిపెంగా చూసుకోవడం నావల్ల కాదు.

ఇంకో బాధ ఉంది. 2015లో చైనా పరిశోధకుడు షింగ్ లీడాకి కచిన్ రాజధాని మిచ్చీనా బజారులో ఒక అంబర్ ముక్క దొరికింది. లోపలున్నది మొక్క అనుకున్నారు అమ్మినవాళ్లు. తీరా చూస్తే ఈకలతో సహా డైనోసార్ తోక! అప్పటికే నగ కోసం దాన్ని కొంత సానబట్టేశారు. ఆయన కంటపడింది కాబట్టి అది మిగిలింది. కంటపడనివి ఎన్ని అరిగిపోయి ఉంటాయో తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. ఆ దేశ చట్టం అనుమతి లేకుండా శిలాజాలను బయటికి పోనివ్వదు, అంబర్‌ని మాత్రం రత్నాల్లో లెక్కేస్తుంది. ఆ సందులోంచే అన్నీ దాటిపోతున్నాయి.

2020లో వెన్నెముకున్న జంతువుల శిలాజాలను చదివే శాస్త్రవేత్తల సంఘం, సొసైటీ ఆఫ్ వర్టిబ్రేట్ పేలియంటాలజీ, 2017 తర్వాత బయటికొచ్చిన బర్మా అంబర్ మీద పరిశోధనలు వేయొద్దని శాస్త్ర పత్రికలను కోరింది. కొందరు శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు, నిజమే. అయినా వాళ్లలో కనీసం ఆ చర్చ జరిగింది. నగలు కొనే మనలో అదీ లేదు.

శిలాజాలతో నగలే చేయకూడదని నేననను. కెనడాలోని అల్బర్టాలో అమ్మోనైట్ (ఎప్పుడో అంతరించిన సముద్రజీవి) గవ్వల శిలాజాల నుంచి అమ్మోలైట్ అనే రత్నం తీస్తారు, నెమలి మెడలా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మెరుస్తుంది. (మెత్తటి రాయి, అందుకే చాలావాటికి పైన గట్టి పొర అతికిస్తారు. ఆ సంగతి కొట్టువాళ్లు చెప్పి అమ్మాలి.) అక్కడ శిలాజాలకు చట్టం కాపలా ఉంది. 2007లో అమ్మోలైట్ తవ్వుతుంటే బయటపడిన పొడవాటి మెడ సముద్ర సరీసృపం నేరుగా రాయల్ టిరెల్ మ్యూజియానికి చేరింది. దాని మెడలో 76 వెన్నుపూసలు!

అమ్మేవాళ్లని అడగండి: ఏ గనిది, ఏ ఏడాది తవ్వింది? నీళ్లు నమిలితే ఆ లాకెట్ అక్కడే పెట్టేసి వచ్చేయండి.