తోటివాళ్లు వచ్చి వినాలి

యూనివర్సిటీలో కొత్త అధ్యాపకులకు చేరగానే పాఠం చెప్పడంపై ఒక వర్క్‌షాప్ పెడితే చాలని ఒక వ్యాసంలో చదివాను, ఆ మాటతో నేను ఏకీభవించలేను. అక్కడ విన్నది క్లాసులో నిలబడగానే సగం గుర్తుండదు. తోటి అధ్యాపకులు వచ్చి మన పాఠం వింటేనే అసలు సంగతి తెలుస్తుంది. ఉదాహరణకు, ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నామో మనకు మనం చూసుకోలేం. 1970లలో అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో బడి క్లాసులను పరిశీలిస్తే టీచర్లు సగటున సుమారు ఒక్క సెకనే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెరిగాయి! యూనివర్సిటీలోనూ ఇది చూడాల్సిన విషయమే.

అయితే పాఠం విన్న తోటివాళ్లు రాసుకునే నోట్సు ప్రమోషన్ ఫైల్లోకి వెళ్లకూడదు. వెళ్తుందంటే ఆ టెన్షన్‌తో అందరూ బాగా వచ్చిన పాఠానికే పిలుస్తారు, ఇబ్బంది పడుతున్న క్లాసుకు పిలవరు. గెస్ట్ లెక్చరర్లను కూడా ఇందులో తప్పకుండా కలపండి.