సవరణ: 'చే!' సినిమా పోస్టులో రెండు తప్పులు

మొన్న ఆదివారం 'చే!' సినిమా మీద రాసిన పోస్టులో, లాటిన్ అమెరికా విప్లవకారుడు చే గువేరాగా వేసింది బెనిసియో డెల్ టోరో అన్నాను. అది తప్పు. విమర్శకులు చీల్చి చెండాడిన 1969 నాటి ఆ హాలీవుడ్ సినిమాలో చే పాత్ర ఈజిప్టు నటుడు ఒమర్ షరీఫ్‌ది. క్యూబా నేత ఫిడెల్ కాస్ట్రోగా జాక్ పాలన్స్ వేశాడు. డెల్ టోరో చేసింది 2008లో రెండు భాగాలుగా వచ్చిన వేరే సినిమా. దానికి ఆయనకు కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. అలాంటి నటుడికి ఆ 1969 సినిమాను అంటగట్టినందుకు నిజంగా బాధగా ఉంది.

ఇంకోటి. చే క్యూబాలో చనిపోయారని రాశాను. కాదు, 1967 అక్టోబర్ 9న బొలీవియాలోని లా హిగేరా అనే పల్లెలో, బడి గదిలో కాల్చి చంపారు. హన్మకొండలో మేం చాయ్ తాగే కొట్టు గోడ మీద ఆయన బొమ్మ ఉంది. టోపీ మీది నక్షత్రం దగ్గర రంగు పెచ్చులూడింది. ఆ బొమ్మ కింద కూర్చునే ఒక డిగ్రీ తమ్ముడే ఈ తప్పు పట్టుకున్నాడు. థ్యాంక్స్ తమ్ముడూ.

'చే!' సినిమా మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు. చే పోయి రెండేళ్లు నిండకముందే హడావుడిగా తెర మీదికి తెచ్చారు. మనిషిని అర్థం చేసుకునే ఓపిక అందులో ఎక్కడా కనపడదు.

పాత పోస్టులో రెండు చోట్లా దిద్దాను. దాన్ని షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా షేర్ చేయండి.