కంఠస్థ జపాన్ని చిలకపలుకులు అనకండి

మొన్న ఆదివారం మా కతోలిక గుడిలో పూజ అయ్యాక మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే, మా విచారణలోని, అంటే మా గుడి సంఘంలోని, ఒక అబ్బాయి అన్న మాట నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. "అక్కా, జపమాలలో 53 సార్లు అదే మంగళవార్త జపం ఎందుకు? ఒక్కసారి చెబితే దేవుడికి వినబడదా? మనసులో ఉన్నది సొంత మాటల్లో చెప్పుకోవడమే ప్రార్థన. మిగతావన్నీ చిలకపలుకులే." మంగళవార్త అంటే మరియమ్మకు చెప్పుకునే చిన్న జపం, జపమాల పూసలు జరుపుతూ మళ్లీ మళ్లీ చెబుతాం. అతను మంచి పిల్లవాడు. శుక్రవారం ప్రార్థన కూటంలో గిటారు వాయిస్తాడు, అతను పాడితే నాకూ కళ్లు చెమర్చిన రోజులున్నాయి. అందుకే అక్కడ వాదించలేదు. ఇక్కడ రాస్తున్నాను.

కావలసినప్పుడల్లా సొంత మాటలు దొరుకుతాయనుకునే వయసు అతనిది. మాటలే దొరకని మనిషి పక్కన నేను రెండేళ్లు కూర్చున్నాను.

నాన్నకు పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు, వాటితోపాటు మాట పడిపోయాయి. దాహమేస్తే "నీళ్లు" అనే మాట అందేది కాదు. నా పేరు పిలవబోతే ఇంకేదో శబ్దం వచ్చేది, అది తప్పని ఆయనకే తెలిసి కళ్లలో నీళ్లు తిరిగేవి. ఒక సాయంత్రం ఆరున్నరకు అమ్మ ఎప్పటిలాగే మంచం పక్కన చాప వేసుకుని జపమాల అందుకుంది. మంగళవార్త మొదటి సగం ఒకరు, రెండో సగం మిగతావాళ్లు చెప్పడం మా ఇంటి అలవాటు. రెండో పది మంగళవార్తల్లో ఒకదాని మొదటి సగం చెప్పి అమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. మంచం మీద నుంచి "పరిశుద్ధ మరియమ్మా" అంటూ గొంతు వచ్చింది. ముద్దగా ఉంది, కానీ వరుస తప్పలేదు. "ఇప్పుడును మా మరణ సమయమందును" దాకా వచ్చి, ఆమెన్ చెప్పి ఆగింది. అమ్మ వేళ్ల మధ్య పూస కదలలేదు. ఆ తర్వాత ఆ సాయంత్రమంతా రెండో సగం నాన్నే చెప్పారు. జపం ముగిశాక ఏదో అడగబోయారు. మళ్లీ మాట రాలేదు.

మెదడు ఎడమవైపు దెబ్బతిని మాట పోయినవాళ్లకు కూడా, ఎన్నో ఏళ్లు వల్లె వేసిన అంకెలు, పాటలు, ప్రార్థనలు మిగలడం కద్దని డాక్టరు గారు చెప్పారు. ఆ వివరణ నాకు చాలు, దీన్ని అద్భుతమని నేను చాటడం లేదు. కానీ చిన్నప్పుడు ఊళ్లో జపాలు, మతపాఠాలు నేర్పే ఉపదేశి గారు దీపం వెలుగులో కూర్చోబెట్టి చెప్పించిన జపం ఒక మనిషిలో ఎంత లోతుకు దిగిందో కళ్లారా చూశాను. అదే వారం చూడవచ్చిన ఒకాయన, "పాపం, ఈయన ఇక ప్రార్థన చేయలేరు, మనమే చేయాలి" అన్నారు. తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

వ్యర్థమైన మాటలు పలకవద్దని ప్రభువు చెప్పలేదా అని అడుగుతారు. చెప్పారు, మత్తయి సువార్త 6వ అధ్యాయంలో. ఆ వెంటనే పరలోక జపాన్ని మాట మాటగా నేర్పారు. 26వ అధ్యాయం కూడా చదవండి: గెత్సెమనేలో మూడోసారి వెళ్లి, మళ్లీ ఆ మాటలే చెప్పి ప్రార్థించారని ఉంది. సిలువ మీద "నా దేవా, నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు" అన్నది 22వ కీర్తన మొదటి మాట. తండ్రి చేతికి తన ఆత్మను అప్పగించింది 31వ కీర్తన మాటతో. ప్రాణం పోయే వేళ ఆయన నోట వచ్చినవి తన ప్రజలు తరతరాలుగా పాడుకున్న పాత మాటలు. ఇక 136వ కీర్తనలో 26 వచనాలుంటే, 26 చోట్లా దేవుని కృప శాశ్వతమనే మాటే తిరిగి వస్తుంది.

అలాగని సొంత మాటల ప్రార్థన తక్కువని నేను అనను. కానా పెళ్లిలో మరియమ్మ చేసిన మనవి ఎంత చిన్నది! వాళ్ల దగ్గర ద్రాక్షరసం లేదు అంది, అంతే. ఏం చేయాలో కూడా కొడుక్కి చెప్పలేదు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదలలో మరియమ్మ కొండ ఎక్కే జనంలో ఎంతమంది నోట అలాంటి మనవులే వింటామో! పిల్లలు లేరు, ఉద్యోగం లేదు, అప్పు తీరలేదు. కొబ్బరికాయ కొట్టి, తలనీలాలు ఇచ్చి అడుగుతారు. వాళ్లను చూసి పెదవి విరిచేవాళ్లంటే నాకు గౌరవం లేదు. ఏటా కొండెక్కి, ఆదివారం పూజకు మాత్రం రానివాళ్లతో నాకు వేరే తగాదా ఉంది. శ్రీసభ, అంటే కతోలిక సంఘం, జీవితానికి శిఖరం, ఊట దైవార్చనేనని, అంటే పూజలాంటి సామూహిక ఆరాధనేనని, కతోలిక బిషప్పులు కూడిన రెండవ వాటికన్ మహాసభ 1963లోనే తేల్చి చెప్పింది.

అయితే ఆ అబ్బాయికి అలాంటి అభిప్రాయం కలగడంలో మా పెద్దవాళ్ల తప్పు చాలా ఉంది. పూజకు ముందు మేము చెప్పే జపమాల వినండి. మొదటి సగం ముగియకుండానే రెండో సగం మీదపడుతుంది. ఒక్కో పదికీ ధ్యానించాల్సిన యేసు, మరియమ్మల జీవిత ఘట్టాన్ని దేవరహస్యం అంటాం; దాని పేరు చదివి ఒక్క క్షణం ఆగం. గంట కొట్టేలోపు అయిపోవాలి, అదొక్కటే ధ్యాస. ధ్యానం లేని జపమాల ప్రాణం లేని దేహమని ఆరవ పౌలు పోపు గారు 1974లోనే హెచ్చరించారు. మరియమ్మ ముందు నిలబడి తొందరపడే హక్కు మాకెవరిచ్చారు? పిల్లలు విన్నది ఆ పరుగునే. వాళ్లు చిలకపలుకులు అనక ఏమంటారు?

నోటి ప్రార్థన, ధ్యానం, మాటలుడిగిన మౌనం అని శ్రీసభ బోధనల గ్రంథమైన సత్యోపదేశం మూడు రకాల ప్రార్థనను చెబుతుంది. ఫ్రాన్సులో ఆర్స్ అనే పల్లెలో ఒక రైతు దివ్యసత్ప్రసాదం (క్రీస్తు దేహంగా మేము ఆరాధించే అప్పం) ముందు ఊరికే కూర్చునేవాడట. ఏం చేస్తున్నావని అక్కడి గురువు పునీత జాన్ మరియ వియాన్నీ అడిగితే, "నేను ఆయన్ని చూస్తాను, ఆయన నన్ను చూస్తారు" అన్నాడు. చాలా ఏళ్లు ఈ కథ విని తల ఊపానే తప్ప నాకు అర్థం కాలేదు.

చివరి మూడు నెలలు నాన్నకు ఆ రెండో సగం కూడా రాలేదు. ఎదురుగోడ మీద యేసు తిరుహృదయ పటం ఉంది. దాని మీదే చూపు. అమ్మ మొదటి సగం చెప్పి, ఆయన చెప్పడానికి పట్టేంతసేపూ ఆగి, అప్పుడు పూస జరిపేది. ఆ నిశ్శబ్దంలోకి మేమెవరం మా గొంతు పెట్టలేదు.

నాన్న పోయి ఏడాది దాటింది. అమ్మ ఇప్పటికీ అక్కడ అలాగే ఆగుతుంది. కాస్త ఆగి, నేను అందుకుంటాను.